స్క్రీన్ నిండా అంకెలొస్తే కరణీయ సంఖ్యేనా?

మొన్న ఆదివారం మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. పదో తరగతి వాడు. "మావయ్యా, √(1/289) కరణీయమా, అకరణీయమా?" అని. నువ్వేం రాశావురా అంటే కరణీయం అన్నాడు. కాలిక్యులేటర్ నొక్కితే 0.0588235294 అని స్క్రీన్ నిండా అంకెలొచ్చాయట, మళ్ళీ మొదటికి రాలేదట. ట్యూషన్లో అలాగే చూసుకోమన్నారట. నాకు ఒళ్ళు మండింది.

289 అంటే 17×17. కాబట్టి జవాబు 1/17, మామూలు భిన్నం. కాకపోతే దాని దశాంశాలు మళ్ళీ మొదలవ్వాలంటే 16 స్థానాలు దాటాలి. పది అంకెల స్క్రీన్‌కి అంత ఓపిక ఎక్కడిది?

వాణ్ణి అనడం దేనికిలెండి, ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేనూ ఇదే పని చేశా. ఒక సంఖ్య పరిపూర్ణ వర్గమో కాదో చూడాలి. వర్గమూలం తీసి, పూర్ణాంకం వస్తే అవును, లేకపోతే కాదు అని నాలుగు లైన్లు రాసి పడేశా. టెస్టింగ్‌లో పదహారు తొమ్మిదులు ఇస్తే ఠంచనుగా 100000000 అంది! పది కోట్ల వర్గం 1 పక్కన 16 సున్నాలు. దానికి ఒకటి తక్కువైనది వర్గం ఎలా అవుతుందండీ? డబుల్ టైపులో ఉండేది 53 బిట్ల చోటు. అందులో ఆ తొమ్మిదులు పట్టక, వర్గమూలం తీయకముందే 1 పక్కన 16 సున్నాలుగా మారిపోయాయి. అసలు డబుల్‌లో దాచే ప్రతి సంఖ్యా అకరణీయమే. √2 అడిగినా అది ఇచ్చేది ఒక భిన్నాన్నే. అలాంటిదాన్ని తీర్పు చెప్పమంటే ఏం చెప్తుంది?

చూడాల్సింది దశాంశాల్ని కాదు, ప్రధాన కారణాంకాల్ని. ఏ సంఖ్యనైనా వర్గం చేస్తే అందులోని ప్రతి ప్రధానాంకం రెట్టింపు సార్లు వస్తుంది, అంటే సరి సార్లు. 1764 = 2²×3²×7², అన్నీ సరి, వర్గమూలం 42. 1800 = 2³×3²×5², 2 బేసి సార్లు వచ్చింది, కరణీయం. అంతే! మరీ పెద్ద సంఖ్యలకి కారణాంకాలు దొరకడం కష్టమే, ఒప్పుకుంటా. అప్పుడు వచ్చిన పూర్ణాంకాన్ని పూర్ణాంకాల్లోనే తిరిగి గుణించి సరిచూడాలి. నా కోడ్ చివరికి అలాగే బాగుపడింది.

నా బాధల్లా ఏంటంటే, √2 నిరూపణ మనందరం బట్టీ పట్టాం. p/q అనుకొనుము, ఇది విరుద్ధము, మార్కులు. అందులో ఉన్నది ఈ సరి-బేసి సంగతేనని, √1800 కీ అదే పనికొస్తుందని నాకు ఇంజనీరింగ్ అయ్యాక గానీ తెలీలేదు. అదొక్కటి చెప్పి ఉంటే బట్టీ పట్టే పనే ఉండేది కాదు.

అన్నట్టు పేర్ల గోల ఒకటి. ఇంగ్లీషులో "ఇర్" తగిలించింది భిన్నంగా రాయలేనిదానికి, తెలుగులో "అ" తగిలించింది రాయగలిగినదానికి! శుల్బసూత్రాల్లో ద్వికరణి అంటే రెట్టింపు వైశాల్యం ఇచ్చే భుజం, అంటే మన √2. ఆ కరణి గుర్తుంటే తికమక ఉండదు.

ఇదంతా చెప్పి √(50/98) ఇచ్చా. "50 లో 2 ఒక్కసారే ఉంది, కరణీయం" అన్నాడు వెంటనే. నేనేం మాట్లాడలేదు. కాసేపాగి, "ఉండుండు మావయ్యా, ముందు కొట్టేయాలి కదా... 25/49" అన్నాడు.