పరీక్ష బిడ్డది, సాయం ఇంటిది

చీరాల, వేటపాలెం, జాండ్రపేటల్లో మగ్గం మీద బతికే తల్లిదండ్రులకు గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది: మీ బిడ్డ ప్రభుత్వ బడిలోనో ఎయిడెడ్ బడిలోనో ఎనిమిదో తరగతి చదువుతుంటే ఎన్ఎంఎంఎస్ (నేషనల్ మీన్స్ కమ్ మెరిట్ స్కాలర్‌షిప్) పరీక్ష తప్పకుండా రాయించండి. కేంద్రం 2008లో మొదలుపెట్టిన ఈ ఉపకారవేతనం ఎంపికైన బిడ్డకు తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు, అంటే నాలుగేళ్లకు 48,000 ఇస్తుంది. ఇంటి ఆదాయం ఏడాదికి 3.5 లక్షలు దాటకూడదు. ‘మాకు చదువు రాదు, మేమేం సాయం చేస్తాం’ అనకండి. 180 మార్కుల్లో సగం తార్కిక శక్తికే: వరుసలో తర్వాతి అంకె ఏది, ఈ బొమ్మల్లో వేరుగా ఉన్నది ఏది? పోగు తప్పకుండా బుటా లెక్క చూసే కళ్లకు ఇవి కొత్త కావు. పక్కన కూర్చుని జవాబు ఎలా వచ్చిందో చెప్పమనండి. చెప్పేకొద్దీ బిడ్డకు ఆ పద్ధతి గట్టిపడుతుంది. పరీక్ష దాకా సాయంత్రాలు కండెలు చుట్టే పని పెట్టకండి. ఆదాయ ధ్రువపత్రం ముందే తీసుకోండి. ఆధార్‌లో, బడి రికార్డులో, బ్యాంకు ఖాతాలో పేరు ఒకేలా ఉందో చూసుకోండి. ఎంపికయ్యాక ఏటా ఉపకారవేతనాల పోర్టల్లో రెన్యువల్ చేయించాలి. పదో తరగతిలో మార్కులు తగ్గితే ఇంటర్‌లో సొమ్ము ఆగుతుందని ఇప్పుడే చెప్పండి. ఈ సంగతులు ఇంటింటికీ చేర్చడం ఉపాధ్యాయుల బాధ్యత. తెలివితో గెలిచిన డబ్బును ఏ పేదబిడ్డా ఒక్క కాగితం లేక పోగొట్టుకోకూడదు.