కోల్డ్‌ఫ్యూజన్‌ని కూల్చాలా, బాగుచేయాలా?

పాత కోల్డ్‌ఫ్యూజన్ అప్లికేషన్ మెయింటెనెన్స్‌కి వచ్చిందంటే చాలు, టీములో ఎవరో ఒకరు "ఇదంతా పీకేసి జావాలో రాసేద్దాం" అంటారు. నాకూ ఆ భాష మీద పెద్ద ప్రేమేం లేదు గానీ, ఈ మాట మాత్రం ఒప్పుకోలేను.

1995లో అలైర్ సోదరులు దీన్ని తెచ్చింది హెచ్‌టీఎమ్ఎల్ వచ్చినవాడు డేటాబేసుతో కూడా పని చేయించుకోగలగాలని. ఒక సీఎఫ్‌క్వెరీ, ఒక సీఎఫ్‌అవుట్‌పుట్, పేజీ తయారు! ఆ పనికి ట్యాగులు ఇప్పటికీ భేషుగ్గా ఉంటాయి. తంటా అంతా వ్యాపార లెక్కలు కూడా ట్యాగుల్లోనే రాయడంతో వచ్చింది. పది సీఎఫ్‌ఇఫ్‌లు ఒకదాంట్లో ఒకటి, మధ్యలో హెచ్‌టీఎమ్ఎల్ టేబుళ్ళు... చదివేవాడి పాట్లు పగవాడికి కూడా వద్దు.

"అయితే భాషనే మార్చొచ్చుగా?" అంటారా? మార్చారు కూడా. 2002లో మాక్రోమీడియా పాత సీ++ ఇంజన్ తీసేసి జావా మీద కట్టింది, పైన భాష మాత్రం అదే. 2009లో వెర్షన్ 9 వచ్చాక, కాంపొనెంట్ మొత్తం ట్యాగు లేకుండా సీఎఫ్‌స్క్రిప్ట్‌లోనే రాసుకోవచ్చు. జావాస్క్రిప్ట్ తెలిసిన ఫ్రెషర్‌కి అది కొత్తగా అనిపించదు.

అసలు భయం భాష గురించి కాదు. ఆ ట్యాగుల అడవిలో ఎప్పుడో ఎవరో రాసిన "ఫలానా కస్టమర్లకి ఈ రుసుము వద్దు" లాంటి రెండు లైన్లుంటాయి. ఏ డాక్యుమెంట్లోనూ ఉండవు, రాసినవాడు కంపెనీలో ఉండడు. మొత్తం తిరగరాస్తే ముందు పోయేవి అవే. బిల్లు తప్పొచ్చి కస్టమర్ ఫోన్ చేసేదాకా ఎవరికీ తెలియదు.

అందుకని నేననేది: ఒక్కో పేజీలోంచి లెక్కల్ని స్క్రిప్ట్ కాంపొనెంట్లలోకి తీయండి, ప్రతి క్వెరీకీ సీఎఫ్‌క్వెరీపారమ్ పెట్టండి, టెస్టులు రాయండి. ట్యాగుల్ని పేజీ చూపించడానికే ఉంచండి. ఇంజన్ కింద ఉన్నది జావాయే కాబట్టి, తర్వాత కావాలంటే ఒక్కో ఫంక్షన్నీ జావా క్లాసుగా మార్చి ఇక్కణ్ణించే పిలుచుకోవచ్చు. లైసెన్సు ఖర్చే బాధైతే ఓపెన్ సోర్సు లూసీ ఉండనే ఉంది.

ప్యాచులు ఆగిపోయిన వెర్షన్ మీద మాత్రం కూర్చోకండి. 2023లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఒకదాని సర్వర్లలోకి అలాంటి పాత కోల్డ్‌ఫ్యూజన్ గుండానే దూరారు.

"రెజ్యూమెలో కోల్డ్‌ఫ్యూజన్ అని రాసుకుంటే ఎవడు పిలుస్తాడు?" అన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ నడుస్తున్న పాత సిస్టమ్‌ని ఆపకుండా బాగుచేశానని చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది ఉన్నారు చెప్పండి?