ట్యూబు మీద పేరు చదవాల్సింది మనమే



బెంగళూరులో సిమెంటు పని చేసే మా మామ పండగకి తాండాకి వచ్చినాడు. వేళ్ల సందుల్లో చర్మం ఎర్రగా పగిలిపోయి రాత్రంతా దురదే. జేబులో ఒక ట్యూబు. మెడికల్ షాపులో దురదకు అని అడిగితే ఇచ్చినారంట. అదే ట్యూబు అత్త తెల్లగా అయితానని మొఖానికి పూస్తాంది. మరదలు తొడ మీద తామరకు పూస్తాంది. మూడు నెలలుగా ఇదే కథ. ట్యూబు మీద సన్న ఇంగ్లీషు అక్షరాల్లో క్లోబెటసాల్ అని ఉంది. అది చదివినోళ్లు ఇంట్లో ఒక్కరూ లేరు.

క్లోబెటసాల్ అంటే స్టెరాయిడ్ పూతమందుల్లో అన్నిటికంటే ఘాటైన రకం. బీటామెథసోన్ కూడా గట్టిదే. హైడ్రోకార్టిసోన్ 1 శాతం మాత్రం తేలికది. పేరు చదవకపోతే ఈ తేడా తెలీదు.

అట్లని స్టెరాయిడ్ అంటేనే విషం అనడం కూడా తప్పే. 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ అనే అమెరికా డాక్టర్లు హైడ్రోకార్టిసోన్ పూతతో ఎగ్జిమా తగ్గుతుందని చూపించినారు. వాపు, ఎరుపు, దురద తగ్గించడంలో ఇది మంచి మందు. కాకపోతే కొలత ఉండాల. చూపుడువేలి కొస నుంచి మొదటి గీత వరకు పిండితే సుమారు అర గ్రాము. అది పెద్దోళ్ల రెండు అరచేతులంత చోటుకి సరిపోతుంది. ఎర్రబడిన చోట మాత్రమే, పల్చగా, రోజుకి ఒకటి రెండు సార్లు పూయాల. వారంలో తగ్గకపోతే మళ్లీ ట్యూబు కొనొద్దు, డాక్టరుకి చూపించండి. మొఖం, చంకలు, గజ్జల్లో చర్మం పల్చన, మందు ఎక్కువగా లోపలికి పోతుంది. అక్కడ, పసిపిల్లలకు, డాక్టరు చెప్పకుండా తేలికది కూడా పూయొద్దు.

తామరకు స్టెరాయిడ్ పూస్తే ఎరుపు తగ్గినట్లే ఉంటుంది, కానీ లోపల ఫంగస్ పాకుతుంది. గుండ్రటి అంచు చెదిరిపోయి డాక్టరు కూడా గుర్తుపట్టడం కష్టమైతాది. హాస్టల్లో వచ్చే గజ్జి కూడా ఇట్లే దాక్కుంటుంది. గజ్జికి వేరే మందు ఉంది, అది రూములో అందరూ ఒకేసారి పూసుకోవాల. ఇక మొఖానికి నెలల తరబడి ఘాటు మందు పూస్తే చర్మం పల్చనై, నరాలు తేలి, మొటిమలు వస్తాయి. ఆపితే మంట. అందుకే చాన్నాళ్లు పూసినోళ్లు సొంతంగా టక్కున ఆపకుండా డాక్టరు చెప్పినట్లు తగ్గించుకోవాల.

2018 మార్చిలో కేంద్ర ఆరోగ్య శాఖ 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. మా మామను మాత్రం చీటీ ఎవరూ అడగలేదు. దీనికి తాండావాళ్లకు తెలివి లేదు అంటే నేను ఒప్పుకోను. తలుపుల నుంచి అనంతపురం పెద్దాసుపత్రికి పోతే ఒకరోజు కూలి, బస్సు చార్జీలు పోతాయి. మెడికల్ షాపు దారిలోనే ఉంటుంది. మన రంగు తక్కువ రంగు అని చెప్పి చెప్పి మనోళ్ల మనసు విరిచినోళ్ల తప్పు కూడా ఇందులో ఉంది. నలుపు జబ్బు కాదు, దానికి మందు అక్కర్లేదు.

మన ఇండ్లలో ఇంగ్లీషు అక్షరాలు చదివే మొదటి తరం మనమే. ఆ చదువు పరీక్షలకేనా? ఈ ఆదివారం ఇంటికి పోయినప్పుడు అటక మీద, సంచిలో ఉన్న ట్యూబులు అన్నీ బయటికి తీయండి. పేరు చదవండి. ఎర్ర గీత ఉందా, గడువు తేదీ దాటిందా చూడండి. ఎవరికి, ఎక్కడ, ఎన్నాళ్లుగా పూస్తాండారో అడగండి. తిట్టొద్దు, భయపెట్టొద్దు. ఆ ట్యూబునే చేతిలో పెట్టుకుని మనిషిని పీహెచ్‌సీకి తోడుకొని పోండి. నేను మామను అట్లే తోడుకొని పోయినా. అత్తకు నచ్చజెప్పడమే ఇంకా మిగిలింది.