నర్సుకి ఒక ‘రు’

సంపాదకులకు,

నేను ఇంగ్లిషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేసి బతికేదాన్ని. మందుల పెట్టెల్లో మడిచిపెట్టే కాగితాలు, బ్యాంకు ఫారాలు, ప్రభుత్వ పథకాల కరపత్రాలు, ఇలా జనం చదవకుండా పారేసేవన్నీ ఇరవై రెండేళ్లుగా నా చేతిమీదుగా పోతున్నాయి. మూడేళ్ల నుంచి పని తీరు మారింది. అనువాదం కృత్రిమ మేధ చేస్తుంది, నేను దిద్దుతాను. మాటకి రూపాయి వచ్చేచోట ముప్పై పైసలు వస్తున్నాయి. ఆ గోడు ఇక్కడ వెళ్లబోసుకోను. చెప్పాలనుకున్నది వేరే ఉంది.

పోయిన నెల షుగరు రోగుల కోసం ఒక ఆసుపత్రి వేయిస్తున్న చిన్న పుస్తకం దిద్దుబాటుకు వచ్చింది. ఇంగ్లిషు మూలంలో డాక్టరు ఆడో మగో లేదు. నర్సు సంగతీ అంతే. యంత్రం ఇచ్చిన తెలుగు ఇలా ఉంది: ‘మీ డాక్టర్‌ని అడగండి. ఆయన మోతాదు నిర్ణయిస్తారు.’ నాలుగు లైన్ల కింద: ‘నర్సు మీ బీపీ చూస్తుంది. ఆమె చెప్పినట్టు చేయండి.’ పాదాలకు పుండ్లు పడకుండా చూసుకునే పేజీకి వచ్చేసరికి, ‘అరికాళ్లు మీకు కనిపించకపోతే మీ భార్య సాయం తీసుకోండి’ అని ఉంది. మూలంలో ఉన్నది భర్తకైనా భార్యకైనా సరిపోయే మాట. అంటే పుస్తకం చదివే రోగి కూడా మగవాడేనని తేల్చేసింది. ఆడవాళ్లకు షుగరు రాదు కాబోలు!

డాక్టరును మగవాణ్ని చేయడం అందరికీ కనబడే తప్పు. దాని వెనక ఇంకొకటి ఉంది, అది మన భాషలోకి వచ్చాక పుట్టింది. డాక్టరుకి ‘నిర్ణయిస్తారు’, నర్సుకి ‘చూస్తుంది’. ఇంగ్లిషు క్రియకి ఆడామగా తేడా లేదు, మర్యాదా లేదు. తెలుగులో ఆ చివరి అక్షరం పడందే చాలా వాక్యాలు ముగియవు. ‘డు’ అనాలా, ‘ది’ అనాలా, ‘రు’ అనాలా? మనుషుల మాట వచ్చిన చాలాచోట్ల యంత్రం తీర్పు చెప్పక తప్పదు. ఎవరికి ఏది అన్నది అది చదివిన లక్షల పేజీల నుంచి ఏరుకుంటుంది.

మన వ్యాకరణమూ తక్కువ తినలేదు. బడిలో చెప్పిన మహత్తు, అమహత్తు గుర్తుండే ఉంటాయి. ఏకవచనంలో మగవాళ్లు మహత్తు, మిగతా అన్నీ అమహత్తు. ఆమె వచ్చింది, గేదె వచ్చింది, బస్సు వచ్చింది. ఒక్కతిగా ఉన్నప్పుడు ఆడమనిషి గేదెతో జమ, నలుగురు కలిస్తేనే మనుషుల్లో జమ: ‘వాళ్లు వచ్చారు.’ దీనికి నాకు పెద్ద కోపమేమీ లేదు, భాష అలా పెరిగింది. ఇళ్లలో ‘నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది’ అనే మాటలోనూ చనువే ఎక్కువ. ‘అమ్మగారు విచ్చేశారు’ అంటే మా అమ్మే చీపురు తిరగేస్తుంది. కానీ ఆసుపత్రిలో నర్సు నాకు అమ్మ కాదు. ఉద్యోగం చేస్తున్న మనిషి. ఆవిడ దగ్గర చనువు తీసుకునే హక్కు యంత్రానికి ఎవరిచ్చారు?

మా అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ‘అమ్మా, అది అద్దం లాంటిది. లోకంలో ఉన్నదే చూపిస్తుంది. అద్దాన్ని తిట్టి లాభమేంటి?’ అన్నాడు. చాలామంది అనే మాటే ఇది. నేను ఒప్పుకోను. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పంచాయతీల్లో సగం స్థానాలు చట్ట ప్రకారం మహిళలవి. నా దగ్గరికి వచ్చిన ఒక పంచాయతీ ఫారంలో మాత్రం సర్పంచ్ పేరెత్తినప్పుడల్లా ‘ఆయన’. (కొన్ని ఊళ్లలో కుర్చీలో కూర్చునేది సర్పంచ్ గారి భర్తే కదా, యంత్రం ఆయన్నే చూసిందేమో!) అద్దమే అయితే సగం చోట్లయినా ‘ఆమె’ కనిపించాలి. కనిపించదు. ఎందుకంటే యంత్రం ఏది ఎక్కువ వాడుకలో ఉందో దాన్నే ఎంచుకుంటుంది. చదివిన పదింటిలో ఆరుచోట్ల డాక్టరు మగవాడైతే, రాసేటప్పుడు పదింటికి పదీ మగవాణ్నే చేయగలదు. ఆరుని పది చేసేదాన్ని అద్దం అని ఎలా అంటాం?

మాటల్లో ఏముందిలే, పని జరిగితే చాలదా అనేవాళ్లూ ఉన్నారు. అమెజాన్ సంగతి చూడండి. ఉద్యోగ దరఖాస్తులను జల్లెడ పట్టే యంత్రాన్ని ఆ కంపెనీ 2014లో తయారుచేయడం మొదలుపెట్టింది. అంతకు ముందు పదేళ్లలో వచ్చిన దరఖాస్తులు దానికి పాఠ్యపుస్తకం. అవి ఎక్కువగా మగవాళ్లవి. దాంతో దరఖాస్తులో ‘మహిళల’ అనే మాట కనబడితే మార్కులు తగ్గించడం నేర్చుకుంది. మహిళల చదరంగం క్లబ్బుకు కెప్టెన్‌గా చేశానని రాసుకోవడమే నేరమైంది. కంపెనీ దాన్ని పక్కన పెట్టేసింది, 2018 అక్టోబరులో రాయిటర్స్ వార్తాసంస్థ ఆ సంగతి బయటపెట్టింది. ఆ మధ్య నేను దిద్దిన ఒక ఉద్యోగ ప్రకటనలో ‘అభ్యర్థి అకౌంట్స్ తెలిసినవాడై ఉండవలెను’ అని వచ్చింది. మా వీధిలో బీకామ్ చదివిన అమ్మాయి అది చూసి దరఖాస్తు పెడుతుందా? అక్కడ దరఖాస్తు వచ్చాక దెబ్బ, ఇక్కడ రాకముందే.

మందు మన చేతిలోనే ఉంది. ఇంగ్లిషువాళ్లు ఏ సర్వనామం వాడాలా అని తల బద్దలు కొట్టుకుంటున్నారు. మనకి ఆ బాధ లేదు. మన ‘రు’ ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒక్కటే, పైగా మర్యాద కూడా. అసలు సర్వనామమే అక్కర్లేదు. ‘డాక్టర్‌ని అడగండి, మోతాదు చెబుతారు. నర్సు బీపీ చూస్తారు.’ తెలుగు నుడికారం అదే. నేను దిద్దేదీ అదే, ముప్పై పైసలకి. మూలంలో ఎవరో తెలియని మనిషి కనిపిస్తే ‘రు’ వాడాలన్న ఒక్క నియమం తయారీదార్లు పెట్టుకుంటే ఈ రొద సగం తీరుతుంది. మూలంలో ఆమె ఉంటే ఆమెగానే రాయాలి, సందేహం లేదు. ఉన్నవాళ్లని మాయం చేయమని నేననడం లేదు.

చేయాలనుకుంటే చేయగలరు. టర్కీ భాషలో ఆయనకీ ఆమెకీ సర్వనామం ఒకటే. గూగుల్ అనువాదం దాన్ని ఇంగ్లిషులోకి తెచ్చేటప్పుడు డాక్టరును ఆయన చేసేసేది. గొడవయ్యాక, 2018 డిసెంబరు నుంచి రెండు అనువాదాలూ చూపించడం మొదలుపెట్టింది. అదే ఏడాది జాయ్ బులాంవీనీ, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకులు ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు కంపెనీల యంత్రాలను పరీక్షించారు. తెల్లని మగవాళ్ల విషయంలో తప్పులు ఎక్కువలో ఎక్కువ 0.8 శాతం. నల్లని ఆడవాళ్ల విషయంలో ఒక యంత్రం 34.7 శాతం తప్పింది. అంకెలు పేర్లతో సహా బయటికి వచ్చాక ఆ మూడు కంపెనీలూ దిద్దుకున్నాయి, తర్వాత మళ్లీ పరీక్షిస్తే తప్పులు బాగా తగ్గాయి. లెక్కకట్టి బజారున పెడితేనే కదలిక వచ్చింది.

తెలుగుకి ఆ లెక్క ఎవరు కడతారు? కేంద్రప్రభుత్వం 2022లో భాషిణి పేరుతో అనువాద వేదిక తెచ్చింది. హైదరాబాద్‌లో ఐఐఐటీ ఉంది, అక్కడ భాషా సాంకేతికత మీద ఏళ్లుగా పనిచేస్తున్నారు. రెండు రాష్ట్రాల్లోనూ అధికార భాషా సంఘాలు ఉన్నాయి. డాక్టరు, నర్సు, సర్పంచ్, ఆయా, కండక్టరు, ఇంజనీరు, అంగన్‌వాడీ టీచరు, ఇలా రెండొందల వాక్యాలతో ఒక పరీక్ష పేపరు వీళ్లలో ఎవరైనా తయారుచేయవచ్చు. ప్రభుత్వ కాగితం ఏదైనా యంత్రం చేత తెలుగు చేయించేముందు ఆ పేపరులో దానికెన్ని మార్కులొచ్చాయో అడగాలి. ఆ మార్కుల్ని మీలాంటి పత్రికలు అచ్చువేయాలి.

చివరగా మీకే ఒక విన్నపం. ఈ యంత్రాలు నేర్చుకునే తెలుగులో వార్తాపత్రికల తెలుగు కూడా చేరుతుంది. మొన్న ఆదివారం మీ జిల్లా పేజీలో ‘డాక్టర్ తెలిపారు’, అదే వార్తలో ‘నర్సు చెప్పింది’ అని వచ్చింది. అది ఏ యంత్రమూ రాసింది కాదనుకుంటాను. రేపటి నుంచి ఆవిడకీ ఒక ‘రు’ ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి