వారంలో వందమంది

తాడేపల్లిగూడెం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరాన్ని ఈ వారం తీసుకుంటున్నాను. ఆవిడకు నలభై ఏడేళ్ళు. ఒక ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం, ఇంట్లో అత్తగారూ, భర్తా, కాలేజీలో చదివే కూతురూ.

"డాక్టరుగారూ! మా అమ్మాయి వారంలో వందమంది మనుషుల బొమ్మలు గీస్తానని పందెం పట్టింది. 'అమ్మా, నువ్వూ గీయి' అంటే సరదాకి సరేనన్నాను. ముగ్గులు తప్ప నేను గీసిందేమీ లేదు. సోమవారం నుంచి బుధవారం దాకా యాభై ఎనిమిది అయ్యాయి. మెడ పట్టేసింది. కాగితం దూరంగా పెడితేగానీ కనపడటం లేదు. గురువారం తెల్లవారుజామున కుడిచెయ్యి మొద్దుబారి మెలకువ వచ్చింది. విదిలించుకుంటే తగ్గింది. నిజం చెప్పాలంటే సంక్రాంతి ముందునుంచీ అప్పుడప్పుడూ ఇలా అవుతూనే ఉంది. మావారు 'ఈ వయసులో నీకెందుకీ గీతలు' అంటున్నారు. మానేయమంటారా?"

మానక్కర్లేదమ్మా. అయితే మీ ఉత్తరంలో "సంక్రాంతి ముందునుంచీ" అన్న మాట ఉంది చూశారూ, దాని సంగతి చివర చెబుతాను. అది బొమ్మలకంటే ముఖ్యం.

ఈ పందెం సంగతి తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. కెనడాలో ఉండే మార్క్ టారో హోమ్స్, ఆస్ట్రేలియాకు చెందిన లిజ్ స్టీల్ అనే ఇద్దరు చిత్రకారులు 2017లో దీన్ని మొదలుపెట్టారు. అయిదు రోజుల్లో నూరుగురు మనుషుల్ని గీయాలి. అంటే రోజుకు ఇరవైమంది. బొమ్మ బాగుండాలన్న నియమం లేదు. అసలు కిటుకంతా అందులోనే ఉంది. ఇరవై గీయాల్సివస్తే ఒక్కొక్క బొమ్మకు ముస్తాబు చేసే తీరిక ఉండదు. భుజం ఎలా వాలింది, సంచీ ఏ చేతిలో ఉంది, తల ఎటు తిరిగింది - నాలుగు గీతలు, అంతే.

"తీరిక ఎక్కడిది?" అని మీలో చాలామంది అడుగుతారు. లెక్క చూద్దాం. బొమ్మకు రెండు నిమిషాలు, ఇరవైకి నలభై నిమిషాలు. ఈ నలభై నిమిషాలూ ఒకచోట కూర్చుని గీయాలనుకున్నవాళ్ళు మంగళవారానికే పందెం ఒదిలేస్తారు. ముక్కలు చేసుకోండి. పొద్దున్న బస్సుస్టాండులో అయిదుగురు. మధ్యాహ్నం కేరేజీ విప్పేముందు ముగ్గురు. రేషను డిపో దగ్గర, రైతుబజారులో, పిల్లవాడి ట్యూషను వదిలేదాకా గుమ్మం బయట - మనం రోజూ విసుక్కుంటూ నిలబడే చోట్లు ఎన్ని లేవు? ఆ సమయం ఎలాగూ ఫోను మింగేస్తోంది. అందులో సగం మళ్ళించండి చాలు. పాలచీటీ వెనకవైపు, బాల్‌పెన్ను, అంతకుమించి ఖర్చు లేదు.

ఒక్క జాగ్రత్త. ముక్కూమొహం తెలియని మనిషిని తేరిపారజూస్తే మనదేశంలో పెడర్థాలు వస్తాయి. ముఖ్యంగా మగవాళ్ళు ఆడవాళ్ళని చూసి గీయడం మంచిది కాదు, అడిగి గీయండి. వెనకనుంచి గీస్తే గొడవే లేదు. వీపుల్లో ఎంత విశేషం ఉంటుందో గీస్తేగానీ తెలీదు.

నాకు ఎలా తెలిసిందంటారేమో. కిందటేడు మా మేనకోడలి పోరు పడలేక నేనూ ఒక వారం గీశాను. మెడికల్ కాలేజీలో రికార్డు పుస్తకాల నిండా రంగు పెన్సిళ్ళతో గుండెలూ, మూత్రపిండాలూ గీసిన చేతులే ఇవి. డాక్టరు పట్టా వచ్చాక ప్రిస్క్రిప్షను తప్ప ఇంకేమీ రాసిన పాపాన పోలేదు. నిజానికి మా వృత్తిలో గీసే ఆచారం పాతదే. ముఖం ఒకవైపు వంకరపోయే జబ్బుకి 'బెల్స్ పాల్సీ' అని పేరు విన్నారు గదా, ఆ చార్లెస్ బెల్ 1815లో వాటర్లూ యుద్ధంలో గాయపడిన సిపాయిలను స్వయంగా బొమ్మలు గీసిపెట్టాడు.

మా ఆసుపత్రిలో ఓ.పి. మొదలయ్యేముందు నా గది కిటికీలోంచి గేటు కనిపిస్తుంది. రోగుల్ని గీయకూడదని నేను పెట్టుకున్న నియమం. అందుకని గేటు దగ్గర అటూఇటూ తిరిగే వాచ్‌మన్‌ను గీశాను. సోమవారం ఒకటి, మంగళవారం ఒకటి, బుధవారం రెండు. బుధవారం మధ్యాహ్నం నాలుగూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నా గుండె ఝల్లుమంది. నాలుగింటిలోనూ కుడిచెయ్యి నడకతోపాటు ఊగుతోంది. ఎడమచెయ్యి మోచేతి దగ్గర కాస్త వంగి, ఒంటికి అతుక్కుని ఉంది. నేనేమీ ఆలోచించి గీసింది కాదు, ఉన్నది ఉన్నట్టు చెయ్యి గీసుకుపోయింది. ఆరేళ్ళుగా రోజూ ఆయన నమస్కారం అందుకుంటున్నవాణ్ణి, ఒక్కనాడూ సరిగ్గా చూడలేదు!

పిలిచి హాజరు పట్టీ తెప్పించాను. రెండేళ్ళనాటి సంతకానికీ, ఇప్పటిదానికీ పోలిక లేదు. అక్షరాలు చీమల బారులా చిన్నవైపోయాయి. "చొక్కా బొత్తాలు మా ఆవిడ పెడుతోందండీ, వయసు గదండీ" అన్నాడు. వణుకు లేదు. పార్కిన్‌సన్ జబ్బు అంటే వణుకే అనుకుంటారు జనం. వణుకు లేకుండా, ఒకవైపు చెయ్యి ఊగడం తగ్గడంతో, రాత చిన్నదవడంతో మొదలయ్యేవి చాలా ఉంటాయి. పెద్దాసుపత్రిలో నరాల డాక్టరుకు చూపించాం. ఆయనా అదే అన్నారు. ఈ జబ్బు పూర్తిగా నయమవుతుందని చెప్పను. మాత్రలతో మాత్రం ఇప్పుడు తన బొత్తాలు తనే పెట్టుకుంటున్నాడు.

బొమ్మలు గీస్తే మనసుకు హాయి అంటారు. నిజమేనా? 2016లో అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీవారు 39 మంది పెద్దవాళ్ళచేత 45 నిమిషాలపాటు బొమ్మలు, బంకమట్టి వగైరాలతో ఇష్టం వచ్చినట్టు పని చేయించి, ముందూ తర్వాతా నోటిలోని ఉమ్మి పరీక్ష చేశారు. మనోవత్తిడిలో పెరిగే కార్టిసోల్ అనే హార్మోను నూటికి 75 మందిలో తగ్గింది. గీయడం వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అయితే అది చిన్న పరిశోధన, ఊరికే కూర్చున్నవాళ్ళతో పోల్చి చూసింది కాదు. కాబట్టి బి.పి. మాత్రలు మానేసి బొమ్మలు గీయమని నేను చెప్పానని మాత్రం అనకండి.

ఇక మెడ సంగతి. పుస్తకం ఒడిలో పెట్టుకుని తల వంచి గీస్తే మెడ పట్టక ఏమవుతుంది? అట్ట మీద కాగితం పెట్టి ఛాతీ ఎత్తుకు లేపి పట్టుకోండి. అయిదు బొమ్మలకోసారి తలెత్తి దూరంగా చూడండి. పెన్ను మెడ పిసికినట్టు పట్టుకోకండి. కాగితం దూరంగా పెడితేగానీ కనపడకపోవడం చత్వారం. నలభై దాటినవారికి ఇంచుమించు అందరికీ వచ్చేదే. కళ్ళద్దాలు పెట్టుకుంటే ముసలివాళ్ళమైనట్టు కాదు. పరీక్ష చేయించుకుని పెట్టుకోండి.

సోదరీ, ఇప్పుడు మీ చెయ్యి. రాత్రివేళ మొద్దుబారి మెలకువ రావడం, విదిలిస్తే తగ్గడం - ఇది బొమ్మలవల్ల వచ్చింది కాదు. బొమ్మలు గీయకముందే ఉందని మీరే రాశారు. బొమ్మలు దాన్ని బయటపెట్టాయి, అంతే. మణికట్టు దగ్గర ఒక ఇరుకైన సొరంగం లాంటి దారిలోంచి ఒక నరం చేతిలోకి వెళుతుంది. అది నొక్కుకుపోతే ఇలా అవుతుంది. కార్పల్ టనెల్ అంటాం. ఈసారి మెలకువ వచ్చినప్పుడు ఏ వేళ్ళు మొద్దుబారాయో జాగ్రత్తగా గమనించండి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలిలో సగం అయితే, చిటికెనవేలు బాగానే ఉంటే, అనుమానం చాలావరకు ఇదే.

మీ వయసు స్త్రీలలో ఇది తరచుగా చూస్తాం. థైరాయిడ్ తక్కువైనా, షుగరు ఉన్నా వచ్చే అవకాశం ఎక్కువ. అందుచేత ఆ రెండు రక్తపరీక్షలూ చేయించండి. రాత్రి పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా నిటారుగా పట్టి ఉంచే స్ప్లింటు మందుల షాపుల్లో దొరుకుతుంది, కట్టుకుని పడుకోండి. తొలిదశలో చాలామందికి దీనితోనే తెరిపి వస్తుంది. కొన్ని వారాలైనా తగ్గకపోతే నరాల పరీక్ష అవసరం. కొందరికి చిన్న ఆపరేషను చేయవలసివస్తుంది. "తిమ్మిరే గదా" అని ఏళ్ళ తరబడి ఊరుకున్నవాళ్ళని చూశాను. బొటనవేలి మొదట్లో కండ కరిగి గుంటపడి, గాజు తొడుక్కోవడానికీ, వస్తువు పట్టుకోవడానికీ పట్టు చాలక వస్తారు. అప్పుడు ఆపరేషను చేసినా పోయిన కండ పూర్తిగా తిరిగిరాకపోవచ్చు. చెయ్యి ఎప్పుడూ మొద్దుగానే ఉంటున్నా, వస్తువులు జారిపోతున్నా ఆలస్యం చేయకుండా వెంటనే చూపించుకోండి.

మీవారికి ఒక మాట. రాత్రి చెయ్యి విదిలించుకుంటూ లేచే మనిషి పొద్దున్నే రుబ్బుతూ, బట్టలు పిండుతూ ఉంటుంది. మణికట్టును ఎక్కువ నొక్కేవి ఆ పనులే, రెండు నిమిషాల గీతలు కావు. పిండే పని కొన్నాళ్ళు మీరు అందుకోండి.

ఈ జవాబు అచ్చయ్యేసరికి పందెం వారం ఎలాగూ దాటిపోయి ఉంటుంది. పరవాలేదు, సోమవారాలకేం కొదవ? ముందు రక్తపరీక్షలు. తర్వాత మిగిలిన నలభై రెండూ నెమ్మదిగా, రోజుకు అయిదారు చొప్పున గీయండి. చెయ్యి తిమ్మిరెక్కితే ఆపండి. రిపోర్టులు వచ్చాక మళ్ళీ రాయండి, ఉత్తరంతోపాటు మీ అత్తగారి బొమ్మ ఒకటి పంపండి.