పెట్రోలు ఎవరు పోస్తే సలహా వాళ్లదే

కైకలూరు, మండవల్లి, కలిదిండి వైపు చెరువు గట్ల మీదికి మూడు రకాల సలహాదారులు వస్తుంటారు. ఒకరు మేత కంపెనీయో మందుల కంపెనీయో పంపిన టెక్నీషియన్. ఇంకొకరు ప్రభుత్వం నుంచి వచ్చే మత్స్య సహాయకుడు. మూడో ఆయన ఎవరి కిందా పనిచేయని కన్సల్టెంటు. మొదటి ఆయన బండి ఖర్చు కంపెనీది, రెండో ఆయన జీతం ప్రభుత్వానిది. మూడో ఆయన దారి ఖర్చు ఎవరిదన్న దగ్గరే పేచీ మొదలవుతుంది.

"విజిటుకి రెండు వేలా అండీ! కంపెనీ కుర్రోడు వారానికి రెండుసార్లు ఊరికే వచ్చి చూసెళ్తన్నాడండి. మీ కారు ఖర్చు మా నెత్తినేస్తే ఎలాగండి?" గట్టు మీద తరచూ వినబడే మాట ఇది. రైతు కోణంలో చూస్తే అందులో తప్పు లేదు. ఆ మాట విన్న కన్సల్టెంటు చాలాసార్లు మొహమాటపడి, "సరేలెండి, దారి ఖర్చులు వద్దు, ఫీజు ఇవ్వండి చాలు" అంటాడు. చిక్కంతా ఆ "సరేలెండి"లోనే ఉంది. ఆయన బండి నీళ్లతో నడవదు. ఆ రోజు గట్టు మీద రాని డబ్బు మరోచోట నుంచి రావాలి. ఈ ప్రాంతంలో దానికున్న దగ్గరి దారి మందుల కొట్టు కమిషన్.

ఒక చెరువు సంగతి చూద్దాం. పొద్దున వేసిన మేతకు రెండు గంటల తర్వాత చెక్ ట్రే పైకి లాగారు. ట్రేలో మేత మిగిలిపోయి ఉంది. రొయ్యను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే పేగు నిండుగా లేదు, మధ్య మధ్య తెగినట్టుంది. నాలుగు రోజులుగా మబ్బు. చెరువు మూలన నల్ల బురద పేరుకుంది. ఇలాంటప్పుడు మంచి కన్సల్టెంటు చెప్పే మొదటి మాటలు ఎలా ఉంటాయి? రెండు మూడు రోజులు మేత తగ్గించండి, రాత్రిపూట ఏరియేటర్లు ఆపకండి, నీళ్లు పరీక్ష చేయించండి, నాలుగు రొయ్యల్ని ల్యాబుకు పంపండి. ఇందులో మందుల చీటీ లేదు, కాబట్టి ఎవరికీ కమిషనూ లేదు. ఇదే సలహాను పెట్రోలు డబ్బు రాబట్టుకోవాల్సిన మనిషి చెబితే కింద ఒక ప్రోబయోటిక్, ఒక మినరల్ మిక్స్, ఒక గట్ టానిక్ వచ్చి చేరతాయి. ఆయన చెడ్డవాడని నేననను. దారి ఖర్చు ఇవ్వని రైతు, అడగలేని కన్సల్టెంటు కలిసి ఆ చీటీ రాశారంటాను.

వైద్యరంగం ఈ జబ్బును ఎప్పుడో గుర్తించింది. మందుల కంపెనీల నుంచి డాక్టర్లు కానుకలు, ప్రయాణ సౌకర్యాలు తీసుకోకూడదని భారత వైద్య మండలి 2009లో తన నియమావళిని సవరించింది. ఇలా డాక్టర్లకు పెట్టే ఖర్చును కంపెనీలు పన్ను లెక్కలో మినహాయించుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరిలో అపెక్స్ లేబొరేటరీస్ కేసులో తేల్చింది. ఉచితంగా కనబడే ఈ కానుకల ఖర్చు చివరికి మందు ధరలో కలిసి రోగి మీదే పడుతుందన్నది ఆ తీర్పు సారాంశం. రోగి స్థానంలో రైతును, మందు స్థానంలో చెరువులో చల్లే జియోలైట్ బస్తాను పెట్టి చూడండి. లెక్క మారదు. ఆక్వాలో సలహా ఇచ్చేవాడికీ సరుకు అమ్మేవాడికీ మధ్య గీత ఇంకా సరిగ్గా పడలేదు. తన దారి ఖర్చు తాను అడిగి తీసుకునే కన్సల్టెంటు ఆ గీతను తనంతట తానే గీస్తున్నట్టు లెక్క.

అడగడం పరువు తక్కువ అనుకునేవాళ్లు ఒకసారి ఏలూరు కోర్టు వైపు చూడాలి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సాక్షిని పిలిపించదలచిన కక్షిదారు ఆయన రానూపోనూ ఖర్చులు, ఇతర ఖర్చులు, ఒక రోజు హాజరు బత్తా ముందుగా కోర్టులో కట్టాలి. వచ్చేది నిపుణుడైతే సాక్ష్యం చెప్పిన సమయానికీ, అందుకోసం చేసిన నిపుణత పనికీ కూడా తగిన ప్రతిఫలం ఇప్పించే వీలుంది. పొలం కొలతకో ఇంటి తనిఖీకో వెళ్లే అడ్వకేట్ కమిషనరు విషయంలోనూ అంతే. ఖర్చులకు కోర్టు తగిన మొత్తం నిర్ణయించి, అడిగిన పక్షం చేత ముందే కట్టించగలదు. దారి ఖర్చు, సమయం, పని అనే మూడింటినీ విడివిడిగా చూడాలని చట్టం వందేళ్ల కిందటే గుర్తించింది. ఎవరికీ అనుమానం రాకూడదంటే డబ్బు ముందే తేలాలని కూడా గుర్తించింది. కన్సల్టెంట్లకు ఇంతకన్నా మంచి నమూనా అక్కర్లేదు.

ఇక అంకెల్లోకి వెళదాం. రానూపోనూ 80 కిలోమీటర్లు అనుకుందాం. కారు లీటరుకు 15 ఇస్తుందనీ, పెట్రోలు లీటరు 110 రూపాయలనీ వేసుకుంటే పెట్రోలు ఒక్కటే దాదాపు 590. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు. టైర్లు, సర్వీసింగు, ఇన్సూరెన్సు, ఏటా బండి విలువ తరిగేది కలిపితే ఇంకో నాలుగైదు వందలు. అంటే సుమారు వెయ్యి. అమెరికాలో పన్నుల శాఖ సొంత కారు వ్యాపారానికి వాడితే మైలుకు ఇంత అని ఏటా ఒక రేటు ప్రకటిస్తుంది. 2025కి అది 70 సెంట్లు. అందులో పెట్రోలుతో పాటు బండి అరుగుదల కూడా కలిసే ఉంటుంది. మన దగ్గర అలా చెప్పేవాళ్లు లేరు కాబట్టి ఎవరి రేటు వాళ్లే కట్టుకోవాలి.

దారిలో గడిచే సమయం సంగతి ఇంకా ఉంది. ఆ 80 కిలోమీటర్లకు మూడు గంటలు పోయాయనుకోండి. గట్టు మీద ఆయన గంట విలువ 500 అయితే, దారిలో గంటకు అందులో సగం వేసుకోవడం న్యాయం. స్టీరింగు పట్టుకున్న గంటకూ మైక్రోస్కోపు చూసే గంటకూ ఒకటే రేటు అంటే రైతు ఒప్పుకోడు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. ఈ లెక్కన మూడు గంటలకు 750, బండికి వెయ్యి, మొత్తం 1,750. వనామీ రొయ్య మేత కిలో వంద రూపాయలకు అటూ ఇటూ అనుకుందాం. 25 కిలోల బస్తా ఒక్కటి దీనికన్నా ఎక్కువ ఖరీదు. అయిదెకరాల చెరువులో రోజుకు బస్తాలకు బస్తాలు మేత వేసే రైతుకు, అవసరం లేని ఒక్క బస్తాను ఆపించే సలహా దొరికితే ఆ దారి ఖర్చు వచ్చేసినట్టే.

రేటు కట్టడంలో కొల్లేరు పెట్టే పరీక్ష వేరే ఉంది. సరస్సుకు ఉత్తరాన ఏలూరు, దక్షిణాన కైకలూరు. మామూలు రోజుల్లో లంక గ్రామాల మీదుగా వెళ్లే రోడ్డే దగ్గరి దారి. బుడమేరు, తమ్మిలేరు పొంగి, ఉప్పుటేరు ఆ నీళ్లను సముద్రానికి లాగలేకపోతే అదే రోడ్డు మీద నీళ్లు పారతాయి. 2024 సెప్టెంబరు వరదల్లో జరిగింది అదే. అప్పుడు గణపవరం, ఆకివీడు వైపు నుంచో, హనుమాన్ జంక్షన్, గుడివాడ వైపు నుంచో చుట్టు తిరిగి రావాలి. ఆ అదనపు దూరం ఎవరి ఖాతాలో పడాలన్నది వరద రోజున ఫోనులో తేల్చుకునే విషయం కాదు. నా మటుకు కిలోమీటర్ల లెక్క కన్నా మండలాల లెక్క మేలనిపిస్తుంది. తాడేపల్లిగూడెంలో ఉండే కన్సల్టెంటు పెంటపాడు, ఉంగుటూరుకు ఒక రేటు, నిడమర్రు, గణపవరానికి ఇంకో రేటు, ఆకివీడు, కైకలూరు, కలిదిండికి మూడో రేటు ముందే కార్డు మీద వేయించుకోవచ్చు. జాతీయ రహదారి మీద కలపర్రు, ఉంగుటూరు టోల్‌గేట్ల ఖర్చు అందులోనే కలిపేయాలి. దారి మునిగితే ఎంత అదనమో కింద ఒక్క వాక్యం ఉంటే చాలు.

ఒకే దారిలో నాలుగు చెరువులు చూస్తే నలుగురి దగ్గరా పూర్తి దారి ఖర్చు తీసుకోవచ్చా? తీసుకోకూడదు. దారి ఒక్కటే కాబట్టి ఖర్చు నాలుగు వాటాలు కావాలి. చూసిన ఫీజు మాత్రం ఎవరిది వారిదే. గట్టు మీద దాగే రహస్యాలు ఉండవు. ఈ రైతు ఇచ్చింది సాయంత్రానికి టీ కొట్టు దగ్గర ఆ రైతుకు తెలిసిపోతుంది.

అలాగని ఖర్చు కలిసొస్తుందని ఒకే రోజు పది చెరువులు తిరగడం ప్రమాదం. వైట్ స్పాట్ వైరస్ నీళ్లతో, పీతలతో, తడి వలలతో చెరువు నుంచి చెరువుకు పాకుతుంది. 1990లలో టైగర్ రొయ్య రైతుల్ని ముంచిన జబ్బు అదే. జబ్బు చెరువులో తడిసిన విసురువలను పక్క చెరువులో విసిరిన కన్సల్టెంటు దారి ఖర్చు మిగిల్చాడు గానీ పంట పోగొట్టాడు. ముందు ఆరోగ్యంగా ఉన్న చెరువులు, చివరన జబ్బు చెరువు చూడాలి. వల ఏ చెరువుది ఆ చెరువుకే ఉండాలి. చెప్పులు, చేతులు కడుక్కోవాలి. వైరస్ చెరువు చూసిన రోజు మరో చెరువు ఎక్కకూడదనుకునే కన్సల్టెంటు ఆ రోజుకు పూర్తి దారి ఖర్చు అడిగితే అది దురాశ కాదు. పక్క రైతు పంటకు కట్టిన కాపలా అది.

రాత్రి పిలుపుల సంగతి వేరు. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. మబ్బు పట్టిన రోజుల తర్వాత మరీను. "చేప తేలుతుందండీ, ఎంతైనా ఇస్తాను, వచ్చేయండి" అని ఫోను వస్తుంది. గంటన్నర దూరంలో ఉన్న మనిషి బయల్దేరి చేసేదేమీ ఉండదు. ఉన్న ఏరియేటర్లన్నీ వేయండి, ఇంజను పెట్టి నీళ్లు చిమ్మించండి, కొత్త నీళ్లుంటే ఎక్కించండి, పొద్దుటి మేత ఆపండి అని ఫోనులో చెప్పి, తెల్లారాక వస్తానని చెప్పడమే నిజాయతీ. రాత్రి విజిటుకు రెట్టింపు రేటు ఉండొచ్చు, కానీ పనికిరాని ప్రయాణానికి ఆ రేటు వసూలు చేయకూడదు. ఫోను సలహాకూ ఒక రేటు ఉంటే ఈ ధర్మసంకటమే రాదు.

ఇది ఒక్క ఆక్వా గొడవే కాదు. ఏలూరు నుంచి చింతలపూడి పామాయిల్ తోటకు వెళ్లే సాగు సలహాదారుకు, తాడేపల్లిగూడెం రైసు మిల్లులో మోటార్లు చూడ్డానికి వచ్చే ఇంజినీరుకు ఇదే సమస్య. అందరికీ ఒక హెచ్చరిక. బిల్లులో దారి ఖర్చు విడిగా చూపిస్తే దానికి పన్ను పడదనుకోవద్దు. జీఎస్టీ నమోదు ఉన్నవాళ్లు తమ పెట్రోలు, టోలు ఖర్చును క్లయింటు నుంచి రాబడితే అది కూడా సేవ విలువలో భాగమే. విడిగా చూపడం రైతుకు లెక్క తెలియడానికే.

రైతు కష్టం తెలియక ఇదంతా చెప్పడం లేదు. లీజు, కరెంటు, మేత ఖర్చులు తక్కువేమీ కాదు. 2025 ఆగస్టులో భారత ఎగుమతులపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆ దెబ్బ ఇక్కడి గట్ల మీద పడింది. రెండెకరాల రైతు ఒక్కడే విజిటుకు రెండు వేలు ఇవ్వలేడు. ఒకే కాలవ కింద ఉన్న ఏడెనిమిది మంది కలిసి ఒక కన్సల్టెంటును పంట మొత్తానికి మాట్లాడుకుంటే అది తేలిక. ఎకరానికి ఇంతని గుత్త మాట్లాడుకున్నా ఫరవాలేదు. ఎన్నిసార్లు వస్తాడో, అంతకు మించి పిలిస్తే ఎంతో, బయల్దేరాక రైతు వద్దంటే ఎంతో రాసుకుంటే చాలు.

కన్సల్టెంట్లకు నేను చెప్పేది ఒక్కటే. దారి ఖర్చు అడగండి, విడిగా అడగండి, బయల్దేరక ముందే అడగండి. అడిగాక మందుల కొట్టు వైపు చూడకండి. రెండు చేతులా తీసుకుంటే ఇప్పటిదాకా చెప్పిందంతా దండగ. రైతులకు చెప్పేదీ ఒక్కటే. ఈసారి చెరువులో పిల్ల వదలకముందే మీ సలహాదారుని కూర్చోబెట్టి, "మీ రాకపోకల ఖర్చు ఎవరిస్తున్నారండీ?" అని అడగండి. "కంపెనీ" అని వస్తే ఆయన రాసే ప్రతి చీటీని ఇంకొకరికి చూపించండి. "మీరే ఇవ్వాలి" అంటే రేటు ఎంతో కాగితం మీద రాయించుకుని, బేరం చేసుకుని, ఇచ్చేయండి.