ఆర్‌సీబీ నడుము ఎంత గట్టిది? కొత్త సీజన్‌కు ముందు ఒక లెక్క

పద్దెనిమిది సీజన్ల పాటు 'ఈ సల కప్ నమ్దే' అంటూ వచ్చిన ఆర్‌సీబీ, 2025 జూన్ 3న అహ్మదాబాద్‌లో పంజాబ్ కింగ్స్‌ను 6 పరుగుల తేడాతో ఓడించి తొలి కప్పు ఎత్తింది. ఇప్పుడు ఛాంపియన్ హోదాలో 2026 సీజన్‌లోకి దిగుతోంది. చిక్కబళ్లాపుర, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లోని మన తెలుగువాళ్లలో ఈ జట్టును సొంతం చేసుకున్నవాళ్లు ఎంతమందో, హైదరాబాద్ సన్‌రైజర్స్ వైపు మనసు లాగేవాళ్లూ అంతే ఉన్నారు. ఇద్దరికీ పనికివచ్చే మాటే ఇది.

కోహ్లీ ఎలా ఆడతాడు, హేజిల్‌వుడ్ ఎలా వేస్తాడు అని మేము ఇక్కడ రాయబోవడం లేదు. కోహ్లీ పోయిన సీజన్‌లో 657 పరుగులు చేశాడు, ఫిల్ సాల్ట్ 403 చేశాడు, హేజిల్‌వుడ్ 22 వికెట్లు తీశాడు. తల బాగుంది, కాళ్లు బాగున్నాయి. చూడాల్సింది నడుము. అంటే మూడో నంబరు నుంచి ఏడో నంబరు దాకా బ్యాటింగ్, ఏడో ఓవర్ నుంచి పదిహేనో ఓవర్ దాకా బౌలింగ్. ఆర్‌సీబీ ఇన్నేళ్లూ ఓడింది అక్కడే.

మరిచిపోయినవాళ్లకు ఒక్క మ్యాచ్ గుర్తు చేస్తే చాలు. 2016 మే 29, చిన్నస్వామి స్టేడియం, ఫైనల్. ఎదుట సన్‌రైజర్స్, లక్ష్యం 209. గేల్, కోహ్లీ తొలి వికెట్‌కే 114 పరుగులు చేశారు. గేల్ 76, కోహ్లీ 54. ఇక మిగిలింది నడక మాత్రమే అనుకున్న చోట మధ్యవాళ్లు ఒకరి వెనుక ఒకరు వెళ్లిపోయారు. 200 దగ్గర ఆగి 8 పరుగుల తేడాతో ఓడారు. ఆ ఏడాది కోహ్లీ 973 పరుగులు చేసినా కప్పు హైదరాబాద్‌కు పోయింది. ఆ రాత్రి మన ఊళ్లలో సంబరం చేసుకున్నవాళ్లూ ఉన్నారు, అన్నం ముట్టనివాళ్లూ ఉన్నారు. కొన్నిచోట్ల ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు. ఆ మరుసటి ఏడాదే ఈడెన్ గార్డెన్స్‌లో ఇదే జట్టు 49 పరుగులకు ఆలౌట్ అయింది. పెద్ద పేర్లు రెండు మూడు, వాటి వెనుక ఖాళీ. చాలాకాలం ఆర్‌సీబీ అంటే అదే.

2025లో మారింది ఏమిటంటే ఆ ఖాళీ నిండింది. ఫైనల్ స్కోర్‌కార్డు మళ్లీ చూడండి. 190 పరుగుల్లో ఒక్కరిదీ అర్ధశతకం లేదు. కోహ్లీ 43 అందరికంటే ఎక్కువ. మయాంక్ అగర్వాల్ 24, పాటీదార్ 26, లివింగ్‌స్టోన్ 25, జితేశ్ శర్మ 24, షెపర్డ్ 17. ఈ అయిదుగురివి కలిపితే 116. కప్పు తెచ్చింది ఈ చిల్లర లెక్కే. అంతకుముందు లక్నోలో 228 లక్ష్యం ఎదురైనప్పుడు జితేశ్ 33 బంతుల్లో 85 చేసి నాటౌట్‌గా నిలిచాడు. జట్టు తొలి రెండు స్థానాల్లో నిలిచింది ఆ ఇన్నింగ్స్ వల్లే. ఢిల్లీలో కృనాల్ పాండ్యా 73 నాటౌట్, చెన్నైపై బెంగళూరులో షెపర్డ్ 14 బంతుల్లో 53 నాటౌట్. ప్రతిసారీ వేరే మనిషి.

ఇక ఈసారి ఎవరున్నారు, ఎవరు పోయారు? మయాంక్‌ను వదిలేశారు. 8 కోట్ల 75 లక్షలకు కొన్న లివింగ్‌స్టోన్‌నూ వదిలేశారు. పది మ్యాచుల్లో అతడు చేసినవి 112 పరుగులే కాబట్టి ఎవరూ బాధపడలేదు. విచిత్రం ఏమిటంటే డిసెంబరు వేలంలో సన్‌రైజర్స్ అతడిని 13 కోట్లకు తీసుకుంది. మనకు పనికిరాడు అనుకున్నవాడు పక్కింటికి అంత ఖరీదయ్యాడు. ఆ లెక్క హైదరాబాద్ అభిమానులే చూసుకోవాలి.

ఆర్‌సీబీ తెచ్చుకున్న పెద్ద పేరు వెంకటేశ్ అయ్యర్. ధర 7 కోట్లు. 2024 ఫైనల్‌లో కోల్‌కతాకు 26 బంతుల్లో 52 నాటౌట్ కొట్టినవాడు, ఆ తర్వాత అదే జట్టు 23 కోట్ల 75 లక్షలు పెట్టి కొంటే 2025లో 142 పరుగులే చేసి బయటపడ్డవాడు. ధర బరువు మనిషిని ఎలా వంచుతుందో చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఐపీఎల్‌లో దొరకదు. ఆ బరువు తగ్గాక మళ్లీ నిలబడతాడేమో. కెప్టెన్ పాటీదార్‌ది, ఇతడిది ఒకే ఊరు ఇందోర్, దేశవాళీలో ఒకే జట్టు మధ్యప్రదేశ్. కెప్టెన్‌కు అతడి మీద నమ్మకం ఉంటుంది.

కానీ కూర్చోవడానికి కుర్చీ ఎక్కడ? వేళ్ల మీద లెక్కపెట్టి చూద్దాం. సాల్ట్, కోహ్లీ, పడిక్కల్, పాటీదార్, జితేశ్, టిమ్ డేవిడ్, షెపర్డ్, కృనాల్, భువనేశ్వర్, హేజిల్‌వుడ్, యశ్ దయాల్. పదకొండు. ఇంపాక్ట్ ఆటగాడిగా స్పిన్నర్ సుయశ్ శర్మ. పన్నెండు. విదేశీయులు నలుగురు సాల్ట్, డేవిడ్, షెపర్డ్, హేజిల్‌వుడ్‌తో నిండిపోయారు. వెంకటేశ్ పదమూడోవాడు. అతడు రావాలంటే షెపర్డ్‌నైనా ఆపాలి, పడిక్కల్‌నైనా ఆపాలి. షెపర్డ్‌ను ఆపితే ఆరో బౌలర్ పోతాడు. లివింగ్‌స్టోన్ రెండు రకాల స్పిన్ వేసేవాడు, ఆ వెసులుబాటు ఎలాగూ పోయింది. వెంకటేశ్ మీడియం పేస్ వేయగలడు గానీ దాన్ని నమ్ముకుని నాలుగు ఓవర్లు రాసిపెట్టలేం. కాబట్టి చివరికి తగాదా వచ్చేది పడిక్కల్ కుర్చీ దగ్గరే. ఇద్దరూ ఎడమచేతివాళ్లే, ఇద్దరూ మూడో నంబరు ఆడగలవాళ్లే.

మా మాట సూటిగా చెబుతాం. మూడో నంబరు పడిక్కల్‌దే కావాలి. పోయిన సీజన్‌లో గాయపడేలోపు పది మ్యాచుల్లో 247 పరుగులు చేశాడు, అదీ వందకు 150 వేగంతో. ఒకప్పుడు నెమ్మదిగా ఆడతాడని నింద మోసిన కుర్రవాడు ఆట మార్చుకుని చూపించాడు. ఈ శీతాకాలం విజయ్ హజారే ట్రోఫీలో కర్ణాటకకు మొదటి అయిదు మ్యాచుల్లో నాలుగు శతకాలు కొట్టాడు. అందులో మొదటిది జార్ఖండ్ పెట్టిన 412 స్కోరును ఛేదించిన రోజు చేసిన 147. ఇలాంటి ఫామ్‌లో ఉన్నవాడిని బయట కూర్చోబెట్టి, మరొకడి పాత రోజులు తిరిగి వస్తాయని కాచుకోవడం తెలివైన పని అనిపించుకోదు.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని దాచనక్కర్లేదు. మయాంక్, మనోజ్ భాండగే వెళ్లిపోయాక ఈ జట్టులో మిగిలిన కర్ణాటక ఆటగాడు పడిక్కల్ ఒక్కడే. బెంగళూరు పేరు పెట్టుకున్న జట్టులో రాష్ట్రంవాడు ఒకే ఒక్కడు! కన్నడ సంఘాలవాళ్లు దీని మీద అడుగుతుంటారు, అడగడం న్యాయమే. అయితే ఆ ఒక్కడు ఎవరో గమనించండి. పడిక్కల్ పుట్టింది కేరళలో. ఇంటి భాష మలయాళం. చిన్నతనంలో కుటుంబం హైదరాబాద్‌లో ఉండేది, 2011లో కొడుకు క్రికెట్ కోసం బెంగళూరుకు మారింది. ఆట నేర్చుకున్నది ఇక్కడ, రాష్ట్రం టోపీ పెట్టుకున్నది ఇక్కడ. అతడిని కర్ణాటకవాడు కాదని ఎవరూ అనరు, అనకూడదు కూడా.

ఈ మాట ఎందుకు ఎత్తామంటే, మన ఊళ్లలో వాట్సాప్ గుంపుల్లో ప్రతి మార్చిలో ఒక పోట్లాట మొదలవుతుంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, పనికి బెంగళూరు, పెళ్లి సంబంధాలు హిందూపురంలో, మదనపల్లెలో. ఇలాంటి బతుకు బతికేవాడు ఆర్‌సీబీ జెర్సీ వేసుకుంటే 'నువ్వు తెలుగువాడివి, నీ జట్టు హైదరాబాద్ కదా' అంటారు. సన్‌రైజర్స్‌కు చప్పట్లు కొడితే 'తింటున్నది ఎక్కడి నీళ్లు, కూడు' అంటారు. కామెంటరీ తెలుగులో పెట్టాలా కన్నడలో పెట్టాలా అన్నదీ కొన్ని ఇళ్లలో చిన్న తగాదా. మాకు ఇందులో తప్పెక్కడా కనబడదు. రెండు భాషల్లో ఆట చూడగలిగే వరం ఎంతమందికి ఉంది? హైదరాబాద్ సిరాజ్ 2018 నుంచి 2024 దాకా ఆర్‌సీబీకే వేశాడు. గుజరాత్ జట్టుకు మారి 2025 ఏప్రిల్‌లో చిన్నస్వామికి వచ్చి 19 పరుగులకు 3 వికెట్లు తీసినప్పుడు, ఓడింది మన జట్టే అయినా మనసులో ఒక మూల సంతోషించినవాళ్లు తక్కువమందేమీ కాదు. ఇప్పుడు ఆర్‌సీబీలో తెలుగు ఆటగాడు ఒక్కడూ లేడు. అదీ నిజమే. దాని వల్ల అభిమానం తగ్గించుకున్నవాళ్లు మాత్రం మాకు ఎదురుపడలేదు.

ఆటలోకి వద్దాం. నాలుగో నంబరు పాటీదార్. 2025లో 312 పరుగులు, పెద్ద గణాంకం కాదు. స్పిన్ మీద అతడు కొట్టే సిక్సర్లే మధ్య ఓవర్ల ఇంధనం కాబట్టి, అతడు నలభై చేసినా మ్యాచ్ మారుతుంది. ఆ తర్వాత జితేశ్. వికెట్ల వెనుక కూడా అతడే. ఫైనల్‌లో శ్రేయస్ అయ్యర్‌ను 1 పరుగుకే పంపిన క్యాచ్ పట్టింది ఇతడే. అతడికి ఏమైనా అయితే సాల్ట్ గ్లవ్స్ తొడుక్కోగలడు, వేలంలో తీసుకున్న ఇంగ్లండ్ కుర్రవాడు జోర్డన్ కాక్స్ ఉన్నాడు. బెంచీ మీద జేకబ్ బెతెల్ ఉండడం మాత్రం కాస్త బాధే. చెన్నైపై 33 బంతుల్లో 55 కొట్టినవాడు, సిడ్నీ టెస్టులో ఆస్ట్రేలియాపై శతకం చేసినవాడు, పైగా ఎడమచేతి స్పిన్ వేస్తాడు. సాల్ట్ రెండు మూడు మ్యాచులు తడబడితే బెతెల్‌ను పిలవడానికి ఆలస్యం చేయకూడదు.

బౌలింగ్ నడుము ఇద్దరి మీద నిలబడి ఉంది, కృనాల్, సుయశ్. కృనాల్ పోయిన సీజన్‌లో 17 వికెట్లు తీశాడు, ఫైనల్‌లో 17 పరుగులకే 2 వికెట్లు తీసి మ్యాచ్ ఉత్తముడయ్యాడు. స్పిన్నర్ అయ్యుండి బౌన్సర్ వేస్తాడు. బంతి తిప్పడం కంటే బ్యాటర్ బుర్ర తిప్పడం అతడికి బాగా తెలుసు. సుయశ్ మొత్తం మీద వికెట్లు ఎక్కువ తీయలేదు గానీ, తొలి క్వాలిఫయర్‌లో పంజాబ్‌ను 101కి కూల్చిన రోజు 17 పరుగులకు 3 వికెట్లు అతడివే. భయం ఎక్కడంటే, ఈ ఇద్దరిలో ఒకరు పడిపోతే మూడోవాడి మీద నమ్మకం ఇంకా కుదరలేదు. స్వప్నిల్ సింగ్, కొత్తగా వచ్చిన విక్కీ ఓస్త్వాల్ ఉన్నారు, ఇద్దరూ కృనాల్ లాగే ఎడమచేతివాళ్లు. సుయశ్‌కు బదులు మరో లెగ్ స్పిన్నర్‌ను ఎందుకు తీసుకోలేదో మాకు అర్థం కాలేదు. 5 కోట్ల 20 లక్షలు పెట్టింది మంగేశ్ యాదవ్ అనే ఎడమచేతి పేసర్ మీద.

దీనికి తోడు మైదానం సంగతి. పోయిన సీజన్‌లో ఆర్‌సీబీ బయట ఆడిన ఏడు లీగ్ మ్యాచులూ గెలిచింది, ఐపీఎల్‌లో అంతకుముందు ఏ జట్టూ చేయని పని అది. సొంత గడ్డ మీద మాత్రం గుజరాత్, ఢిల్లీ, పంజాబ్ చేతుల్లో మొదటి మూడూ ఓడింది. కోల్‌కతాతో ఆట వాన పాలైంది. సన్‌రైజర్స్‌తో చిన్నస్వామిలో జరగాల్సిన మ్యాచ్‌ను వాతావరణం బాగాలేక లక్నోకు తరలిస్తే అక్కడ 42 పరుగులతో ఓడింది. మన రెండు జట్లనూ బెంగళూరులో ఎదురెదురుగా చూద్దామనుకున్నవాళ్లకు ఆ అవకాశం అలా పోయింది. ఆట లెక్కలో చూస్తే చిన్నస్వామి ఉన్నా లేకున్నా ఈ జట్టు గెలవగలదు.

మనుషుల లెక్క వేరు. జూన్ 4న స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది ప్రాణాలు పోయాయి. అందులో మన చింతామణి తాలూకా కుర్రవాడు ఒకడు. ఆ తర్వాత జస్టిస్ జాన్ మైకేల్ డికున్హా కమిషన్, పెద్ద జనసమ్మర్దానికి ఆ స్టేడియం తగినది కాదని తేల్చింది. మహిళల ప్రపంచకప్ మ్యాచులు బెంగళూరు నుంచి నవీ ముంబయికి పోయాయి. డిసెంబరు 24న కోహ్లీ ఢిల్లీ తరఫున మన ఆంధ్ర జట్టుపై 131 చేసిన విజయ్ హజారే మ్యాచ్ కూడా చిన్నస్వామిలో జరగలేదు. చిక్కబళ్లాపుర నుంచి బెంగళూరు వెళ్లే దారిలో, విమానాశ్రయం దగ్గరి బీసీసీఐ మైదానంలో, ప్రేక్షకులు లేకుండా జరిగింది. రికీ భుయ్ 122 చేసినా ఆంధ్ర ఓడింది. మన గడపకు అంత దగ్గరగా జరిగిన ఆ ఆటను కళ్లతో చూసినవాళ్లు లేరు.

వెంకటేశ్ ప్రసాద్ అధ్యక్షుడైన కొత్త క్రికెట్ సంఘం స్టేడియాన్ని మళ్లీ తెరిపించే పనిలో ఉంది, ప్రభుత్వం షరతులు పెట్టింది. ఆ షరతుల్లో గేట్లు, కెమెరాల మాట ఎలాగూ ఉంటుంది. మేము అడిగేది ఇంకొకటి. బాగేపల్లి నుంచి స్టేడియం సుమారు వంద కిలోమీటర్లు. రాత్రి పదకొండున్నరకు ఆట ముగిస్తే మన పిల్లలు ఏ బస్సులో ఇల్లు చేరాలి? మ్యాచ్ రోజుల్లో బెంగళూరు లోపల మెట్రో వేళలు పొడిగిస్తారు, మంచిదే. చిక్కబళ్లాపుర, చింతామణి, బాగేపల్లి డిపోల నుంచి తిరుగు బస్సులు వేయమని కేఎస్‌ఆర్‌టీసీని ఎమ్మెల్యేలు ఇప్పుడే అడగాలి, టికెట్లు అమ్ముడయ్యాక కాదు. టికెట్ లేనివాళ్లు స్టేడియం దాకా పోకుండా ఊళ్లోనే తెర కట్టి చూపించే ఏర్పాటు తాలూకా కేంద్రాల్లో చేయడం పెద్ద ఖర్చు కూడా కాదు. తెర మీద కామెంటరీ ఏ భాషలో పెట్టాలన్న తగాదా వస్తే, ఒక ఇన్నింగ్స్ కన్నడలో, ఒక ఇన్నింగ్స్ తెలుగులో పెట్టుకోవచ్చు.